మంచుకొండ మీద మరిపెడ సునంద

మరిపెడ సెంటర్లో సునంద గొంతు ఎత్తిందంటే తొర్రూరు బస్టాండులో ఛాయ్ తాగుతున్నవాడి చేతిలో కప్పు వణుకుతుంది. నమ్మకం లేనివాళ్లు తొర్రూరు వెళ్లి అడగవచ్చు. అంత గొంతున్న మనిషి పేరు ఇన్నేళ్లలో ఒక్క మైకులోనూ వినబడలేదంటే ఆ తప్పు గొంతుది కాదు, మైకు పట్టుకున్నవాళ్లది. ఈ సంగతి తలచుకుంటే చెప్పేవాడికే కడుపు మండుతుంది. ఇక ఆమెకు ఎంత మండాలి.

ఆమె పుట్టిల్లు పెద్దవంగర దగ్గర. వ్యవసాయం చేసుకునే ఇల్లు. మరిపెడ సోమేశ్వర్‌ను చేసుకుని వచ్చింది. సోమేశ్వర్ అంటే తెల్ల చొక్కా. ఆ చొక్కా లోపల ఒక మనిషి కూడా ఉంటాడు గానీ ఊరికి ముందు కనబడేది చొక్కాయే. సహకార సంఘంలో డైరెక్టరుగా గెలిచిన కొత్తలో అతనికి విత్తనాలు, పురుగుమందుల దుకాణం పెట్టాలని బుద్ధి పుట్టింది. సంఘంలో ఉంటూ తన పేరున అదే వ్యాపారం చేస్తే జనం నానా మాటలంటారని లైసెన్సు భార్య పేరున తీయించాడు. "పేరే నీది, పనంత నేను చూసుకుంట" అన్నాడు. తీరా జరిగింది తలకిందులు. పని ఆమె చూసుకుంది, పేరు అతను చూసుకున్నాడు.

పొద్దున్నే షట్టర్ ఎత్తేది సునంద. గల్లాపెట్టె దగ్గర కూర్చునేది సునంద. మిరపచేనుకు తామర పురుగు తగిలిందని ఎవరైనా ఏడుపు ముఖంతో వస్తే ముందు ఆకు తెచ్చావా అని అడుగుతుంది. తేకపోతే డబ్బా ఇవ్వదు. "మొన్ననే కొట్టినవ్ గద మామా, మల్ల ఎందుకు? చేనుకు మందు కొడుతున్నవా, తానం పోస్తున్నవా?" అని తిట్టి పంపిస్తుంది. తిట్టి పంపించే దుకాణానికే జనం ఎగబడి వస్తారు. అవతలి మండలాల తండాల నుంచి కూడా బండ్లు కట్టుకుని వస్తారు. ఒకసారి కాళేశ్వరం నుంచి ఒక రైతు మిరప ఆకు సంచిలో వేసుకుని ఇక్కడిదాకా వచ్చాడని, సునంద తిట్టిన తిట్లకే అతని చేనులో పురుగు సగం చచ్చిందని మరిపెడలో చెప్పుకుంటారు. ఈ తతంగం అంతా నడుస్తున్నంతసేపూ సోమేశ్వర్ లోపలి కుర్చీలో కూర్చుని ఫోన్లో రాష్ట్ర రాజకీయాలు చక్కబెడుతూ ఉంటాడు.

ఆమె దుకాణంలో ఎక్కువగా పోయే సరుకు ఒక కంపెనీది. డబ్బా మీద గద్ద బొమ్మ ఉంటుంది కాబట్టి రైతులు దాన్ని గద్ద మందు అంటారు. టార్గెట్ కొట్టిన డీలర్లను ఏటా ఏదో ఒక దేశం తిప్పి తీసుకురావడం ఆ కంపెనీకి అలవాటు. ఈ చలికాలం ఏరియా మేనేజరు జగపతి హనుమకొండ నుంచి మిఠాయి డబ్బాతో దిగాడు. గల్లా దగ్గరున్న సునంద తల మీదుగా చెయ్యి చాపి ఆ డబ్బాను లోపలున్న సోమేశ్వర్‌కు అందించాడు.

"అన్నా, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, మూడు జిల్లాలల్ల మీరే ఫస్టు. ఈసారి ఆస్ట్రియా పోతున్నం. ఫ్యామిలీ టూరు. మంచు మీద ఆటల పోటీ చూపిస్తం."

"అంత మీ దయ జగపతీ. ఏదో రాత్రింబగళ్లు కష్టపడుతున్నం" అన్నాడు సోమేశ్వర్.

సునంద కుర్చీ అటు తిప్పింది. "ఏమమ్మినవయ్య నువ్వు? ఒక్క మందు పేరు చెప్పు జూద్దం."

"గద్ద మందు."

"సారు అంగీ మీద గద్ద బొమ్మున్నది. చూసి చెప్పినవ్."

జగపతి గట్టిగా నవ్వాడు. ఇలాంటి సమయాల్లో నవ్వడానికే కంపెనీ అతనికి జీతమిస్తుంది. "మీరు గూడ రావచ్చు మేడం. మస్తు మజా ఉంటది. మనుషులు కొండ మీదికెల్లి దుంకి గాల్లె ఎగురుతరు."

"నేను గూడ వచ్చుడు కాదు సారు. నేను వస్త. ఆయన గూడ వస్తడు."

జగపతి మళ్లీ నవ్వి అసలు సంగతి చెప్పాడు. పోటీ జరిగే కొండ కిందే కంపెనీ గుడారం వేస్తుంది. ముంబై నుంచి డైరెక్టర్ వస్తాడు. ఉత్తమ డీలర్‌కు అక్కడే శాలువా కప్పుతారు. ఆ వీడియోను తర్వాత వరంగల్ మీటింగులో డీలర్లందరి ముందూ పెద్ద తెర మీద వేస్తారు.

"పేరు ఎవరిది పిలుస్తరు?" అంది సునంద.

"డీలర్ పేరే పిలుస్తం మేడం."

ఆ మాటకు భార్యాభర్తలు ఇద్దరూ సంతోషపడ్డారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

సునందకు శాలువా మీద ఆశ లేదు. మొగుడు తెచ్చిన శాలువాలు ఇంట్లో బీరువా తలుపు పట్టనన్ని ఉన్నాయి. ఆమెకు కావలసింది ఒక్కటే, తన పేరు తన పేరుగా నలుగురిలో వినబడటం. చిన్నప్పుడు బడిలో హాజరు పిలిచినప్పుడు వినబడింది, అంతే. కాన్పుకు దవాఖానలో చేరితే నర్సు "సోమేశ్వర్ భార్య ఎవరమ్మా" అని పిలిచింది. ఏటా డీలర్ల మీటింగుకు పోతే "మేడం, లేడీస్ భోజనాలు అటు సైడు" అని చెయ్యి చూపించారు. టార్గెట్ కొట్టిన మనిషికి ఆకలి తప్ప ఇంకేమీ ఉండదని వాళ్ల లెక్క.

ప్రయాణం రోజు కారు మరిపెడ సెంటర్ దాటుతుంటే పెద్ద ఫ్లెక్సీ కనబడింది. "విదేశీ గడ్డపై ఘన సన్మానం అందుకున్న మా ప్రియతమ నాయకుడు సోమేశ్వరన్నకు శుభాకాంక్షలు" అని రాసి ఉంది. మంచుకొండ బొమ్మ మీద సోమేశ్వర్ ఫోటో అతికించారు. తెల్ల మంచు మీద తెల్ల చొక్కా వేయడం వల్ల దూరం నుంచి చూసేవాళ్లకు కొండ కొమ్మున ఒక మీసం, రెండు చేతుల నమస్కారం మాత్రమే కనబడుతున్నాయి.

సునంద కారు ఆపించింది. "ఇంక మరిపెడ దాటలే. అప్పుడే అందుకున్నవా?"

"మన పోరగాండ్లు జర తొందరపడ్డరు."

"తొందర సరే. నా ఫోటో ఏది?"

"జడ్పీటీసీ ఎన్నికలు దగ్గర పడ్డయే. టికెట్టుకు పనికొస్తదని ఏయించిన్రు. ఇంట్ల ఎవరికి వస్తే ఏంది, ఇద్దరం ఒకటే గద."

"ఒకటే అయితే నాది పెట్టేది ఉండె."

సోమేశ్వర్ కిటికీలోంచి పొలాలను చూడసాగాడు. ముందు సీట్లో ఉన్న కూతురు వినీత, హనుమకొండలో డిగ్రీ చదువుతున్న పిల్ల, నవ్వు ఆపుకోలేక చున్నీ నోట్లో కుక్కుకుంది.

ఆ దేశపు చలి గురించి చెబితే అబద్ధమంటారు. విమానం దిగి బయటికి రాగానే సోమేశ్వర్ "అబ్బా" అన్నాడట. ఆ మాట నోటి దగ్గరే గడ్డకట్టి కోటు జేబులో పడింది. సాయంత్రం హోటల్లో హీటర్ పక్కన కోటు విప్పితే జేబులోంచి "అబ్బా" అని వినబడింది. అతని మీసం బిగుసుకుపోయి వేలితో మీటితే తీగలా మోగింది. జనగామ డీలరు యాకయ్య రెండు స్వెట్టర్లు, మూడు కోట్లు, కోతి టోపీ వేసుకుని గుండ్రంగా తయారయ్యాడు. అతన్ని నడిపించడం కంటే దొర్లించడం సులువైంది. సునంద మాత్రం చీర మీద కోటు, కాళ్లకు బూట్లు వేసుకుని, తోవపొడుగునా సకినాలు నములుతూ నిటారుగా నడిచింది. కోపం లోపల రాజుకుంటున్న మనిషికి చలి తగలదు.

పోటీ రోజు కొండ పక్క మెట్లలా వేసిన బెంచీల మీద జనం కిక్కిరిశారు. ఎదురుగా ఆకాశంలోంచి వేలాడదీసినట్టు పెద్ద జారుడుబండ. కిందెక్కడో గద్ద బొమ్మ గుడారం. సోమేశ్వర్ అందరికంటే ముందు పరుగెత్తి పై వరుసలో ఒక బెంచీ మీద తన తువ్వాల పరిచాడు.

తువ్వాల అంటే మన దిక్కున చిన్న సంగతి కాదు. ఆర్టీసీ బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాల విసిరితే ఆ సీటు విసిరినవాడిదే. ఎంత మోతుబరైనా దాని మీద కూర్చోడు. ఇంటి ఆడమనిషి ఎక్కి తువ్వాల పక్కన కూర్చుని సీటు కాయాలి. మొగవాడు తీరిగ్గా దిగి ఛాయ్ తాగి, బస్సు కదిలేటప్పుడు వచ్చి కూర్చుంటాడు. సోమేశ్వర్ ఆ పద్ధతిని సముద్రాలు దాటించాడు.

"గిది మంచి జాగ. నువ్వు కదలకు. లేసినవంటే తెల్లోళ్లు కూసుంటరు. నేను, జగపతి పోయి అందరికి ఛాయ్ పట్టుకొస్తం. వినీత, నువ్వు నడువు, ఫోటోలు తీద్దువు."

సునంద కూర్చుంది. ఎన్ని బస్సుల్లో కాసింది, ఇక్కడ కాయడం ఎంత. ఒక తెల్ల ముసలాయన, ముసలామె వచ్చి ఖాళీ బెంచీని, దాని మీది తువ్వాలను చూసి ఏదో అడిగారు. "మావోళ్లు వస్తున్నరు" అని చేత్తో సైగ చేసింది. వాళ్లు తలూపి పక్కన నిలబడ్డారు.

ఆట మొదలైంది. కాళ్లకు మనిషంత పొడుగు బద్దలు కట్టుకుని ఒక్కొక్కరు పైనుంచి జారి, అంచు దాటగానే ముందుకు వంగి గాల్లో తేలి వస్తున్నారు. ఒకడైతే ఎంతసేపు తేలాడంటే, ఎగిరినప్పుడు సునంద నోట్లో వేసుకున్న సకినం వాడు దిగేసరికి అరిగిపోయింది. ప్రతివాడు దుంకేముందు మైకులో వాడి పేరు. దిగాక మళ్లీ పేరు. పెద్ద తెర మీద పేరు. నడుమ ఒక పిల్లగాడు సరిగ్గా దిగలేక గుమ్మడికాయలా దొర్లుకుంటూ పోయాడు. వాడి పేరు కూడా చెప్పారు. జనం లేచి చప్పట్లు కొట్టారు.

సునందకు ఒళ్లు మండింది. కిందపడ్డవాడికి కూడా పేరుంది. వాడి అయ్య పేరు పిలవలేదు, వాడి పెళ్లాం పేరు పిలవలేదు. దొర్లింది వాడు కాబట్టి వాడినే పిలిచారు. ఎంత సాఫీ లెక్క. ఈ లెక్క మన దగ్గర ఎవరి తలకూ ఎందుకు ఎక్కదు?

ఛాయ్ రాలేదు. ఫోన్ మాత్రం గుయ్యిమంది. డీలర్ల గ్రూపులో ఒక ఫోటో పడింది. గుడారంలో స్టేజీ, దాని మీద శాలువా కప్పుకుని దండం పెడుతున్న సోమేశ్వర్. కింద "ఉత్తమ డీలర్ సోమేశ్వరన్నకు అభినందనలు" అని రాసి, వెనకే పూలు, చప్పట్ల బొమ్మలు వరదలా వచ్చి పడుతున్నాయి. అంతలో వినీత ఫోన్ చేసింది.

"అమ్మా, ఇంక ఆడనే కూసున్నవా? నీకు చలి పడుతలేదట గద. సన్మానానికి రాను, బాపునే తీసుకొమ్మని నువ్వే చెప్పినవట. స్టేజీ మీద చెప్పిండు."

సునంద ఫోన్ కట్ చేసింది. తొర్రూరుకు వినబడే గొంతు అప్పుడు పక్కవాళ్లకు కూడా వినబడలేదు. తువ్వాల తీసి ముసలాయన చేతిలో పెట్టింది. "కూసో తాతా. ఇది ఎవరి జాగ కాదు" అని లేచింది.

మెట్ల నిండా జనం. పక్కన తాడు, తాడవతల మంచు. ఆమె తాడు దాటి ఒక్క అడుగు వేసింది. రెండో అడుగు వేసే అవసరం రాలేదు. కోటు జారుడుబల్ల అయింది, చీర కుచ్చిళ్లు తెరచాప అయ్యాయి, ఫోన్ పట్టుకున్న చెయ్యి పైకెత్తి మరిపెడ సునంద ఆ కొండ మీది నుంచి బాణంలా కిందికి వచ్చింది. దుంకడానికి సిద్ధంగా ఉన్నవాడు ఆగి చూశాడు. మైకులో మాట్లాడేవాడు ఏ దేశమో తెలియక కాగితాలు తిరగేశాడు. మార్కులు వేసే పెద్దమనుషుల్లో ఇద్దరు కలాలు తీశారని, మూడోవాడు చీర ఉందని ఒప్పుకోలేదని యాకయ్య ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు. ఆమె నేరుగా గుడారంలోకి వచ్చి పూలకుండీని తన్నుకుని ఆగింది.

స్టేజీ మీద సోమేశ్వర్ మైకులో ఉన్నాడు. "రైతన్నల కోసం నేను పొద్దనక రాత్రనక..." అంటూ భార్యను చూసి ఆగాడు.

సునంద లేచి కోటు మీది మంచు దులుపుకుంది. "జగపతి సారు, డీలర్ పేరు పిలుస్తమంటిరి. ఎవరిది పిలిచిన్రు?"

"మేడం, అన్నదంటే మీదే గద."

"నాదంటే ఆయనది అని ఎన్నడన్న అన్నరా?"

జగపతికి నవ్వు రాలేదు. ఉద్యోగంలో చేరాక అదే మొదటిసారి. సోమేశ్వర్ మైకు పక్కకు పెట్టి గొంతు తగ్గించాడు. "ఇంటికి పోయినంక మాట్లాడుకుందమే. నలుగురిల ఏంది ఇది."

"శాలువా నలుగురిల కప్పించుకున్నవ్. మాట గూడ నలుగురిలనే కానీ. నేను రానని ఎప్పుడు చెప్పిన?"

"అంటే... నీకు చలి..."

"చలి నాకా? మీసం మోగింది ఎవరిది?"

కుర్చీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. యాకయ్య మూడు కోట్లతో కష్టపడి లేచాడు. "సారు, అక్క చెప్పేది కరెక్టే. మాకు మందు తక్కువ పడితే అక్కకే ఫోన్ చేస్తం. అన్నకు చేస్తే మీటింగుల ఉన్న అంటడు."

భూపాలపల్లి నుంచి వచ్చిన రాణి కూడా లేచింది. అక్కడ ఆమెదీ ఇలాంటి దుకాణమే. "నాది గూడ గంతే అక్కా. దుకాణం నేను తెరుస్త, నేను మూస్త. ఇక్కడ నా మెడల కార్డు మీద ‘గెస్ట్’ అని రాసిన్రు." పక్కనున్న ఆమె భర్త కార్డును కోటు లోపలికి తోయబోయాడు. ఆమె బయటికి లాగింది.

ముంబై డైరెక్టర్ ఏం జరుగుతోందని హిందీలో అడిగాడు. సునంద వినీతను దగ్గరికి పిలిచింది. "నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు బిడ్డా. ఒక్క మాట తగ్గించకు. వచ్చే సీజన్ల మరిపెడల మీ గద్ద మందు ఎవరమ్ముతరో ఈ శాలువా కప్పుకున్నాయననే అడుగుండ్రి. నేను గల్లా మీదనే కూసుంట. మీ డబ్బా మాత్రం నా అరల ఉండది."

వినీత చెప్పింది. తండ్రి వైపు చూడకుండా చెప్పింది. డైరెక్టర్ జగపతి వైపు చూశాడు. ఆ చలిలో కూడా జగపతికి చెమట పట్టింది, పట్టినది పట్టినట్టే గడ్డకట్టి నుదుటి మీద నిలిచింది. అతను గబగబా మైకు అందుకున్నాడు.

"ఇప్పుడు మన మిసెస్ సోమేశ్వర్ గారు..."

సునంద కదలలేదు.

"శ్రీమతి సునంద సోమేశ్వర్ గారు..."

"ఇంకొకటి ఎక్కువున్నది" అంది సునంద.

జగపతి మైకు దగ్గరికి జరుపుకున్నాడు. "సునంద గారు. మరిపెడ. ఉత్తమ డీలర్."

అప్పుడు సునంద స్టేజీ ఎక్కింది. సోమేశ్వర్ శాలువా తీయబోతే వద్దంది. "ఉంచుకో, పడిశం పడుతది" అని మైకు అందుకుంది. "నా పేరు సునంద. మందు నేనే అమ్మిన" అంది. ఇంకేం చెప్పాలో తోచలేదు, చెప్పాల్సింది కూడా మరేం లేదు. వినీత ఫోన్లో తీసింది. రాణి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. యాకయ్య కోతి టోపీ విప్పి ఊపాడు.

తిరిగి వచ్చేటప్పుడు విమానంలో సోమేశ్వర్ "నా టికెట్టు పోతదేమో" అన్నాడు.

"టికెట్టు అడగడానికి నీ పేరుతోనే పో. నా పనితోని పోకు" అంది సునంద.

వచ్చిన మర్నాడు షట్టర్ ఎత్తింది. జిల్లా పేపర్ తెరిచింది. లోపలి పేజీలో మంచు, గుడారం, స్టేజీ మీద తనూ మొగుడూ ఉన్న ఫోటో. పైన పెద్ద అక్షరాల్లో "ఆస్ట్రియాలో సోమేశ్వర్ దంపతులకు సన్మానం" అని ఉంది. కింద వార్తంతా చదివింది. సోమేశ్వర్ పేరు తగినన్నిసార్లు ఉంది. కొండ పేరుంది. డైరెక్టర్ పేరుంది. ఆమె పేరు లేదు.

ఎదురుగా మిరప ఆకులు పట్టుకుని రైతులు నిలబడి ఉన్నారు. వాళ్లను ఆగమని చెప్పి, ఆ వార్త రాసిన మరిపెడ విలేకరి వెంకటేశ్‌కు ఫోన్ కలిపింది.

"వెంకటేశ్, వార్త రాసినవ్. నా పేరేది?"

"అదేందక్కా, దంపతులని రాసిన గద. దంపతులంటే మీరిద్దరే."

"ఇద్దరమే గద?"

"ఇద్దరే అక్కా."

"గట్లయితే రేపటి పేపర్ల ‘సునంద దంపతులు’ అని రాయి."

"గట్ల రాయరక్కా."

"ఎందుకు రాయరు?"

"అంటే... రాయరు. ఎక్కడ రాయరు."

"అదే ఎందుకని అడుగుతున్న. నీకు తెలుస్తే చెప్పు, తెల్వకుంటే మీ ఆఫీసుల అడిగి చెప్పు. అప్పటిదాంక నేను ఫోన్ పెట్టెయ్య" అని స్పీకర్ ఆన్ చేసి ఫోన్‌ను గల్లాపెట్టె మీద పెట్టింది. ముందు నిలబడ్డ రైతు చేతిలోంచి ఆకు తీసుకుని వెలుగులో తిప్పి చూడసాగింది. ఆగమన్న రైతులంతా ఫోన్ దగ్గరికి జరిగారు. లోపలి కుర్చీలో సోమేశ్వర్ కూడా తన ఫోన్ కింద పెట్టి, వెంకటేశ్ ఏం చెబుతాడా అని వింటున్నాడు.